వానలో మలుపులు, వెనక సీట్లో సరంగు

తిరుపతి వెళ్ళొచ్చానంటే మా లంకలో అందరూ ముందు నా నెత్తి వైపు చూస్తున్నారు, ఆ తర్వాత చేతిసంచి వైపు చూస్తున్నారు. గుండు లేదు. తెచ్చిన లడ్డూ ఇంట్లోవాళ్ళకే చాల్లేదు. "మరి అన్ని రోజులు ఏం చేశావయ్యా?" అంటారు. మోటారుసైకిలు వెనక కూర్చున్నానంటే నవ్వుతారు. అందుకే రాస్తున్నాను. వెనక కూర్చోవడం కూడా ఒక పనే. అది నాకు అంత తేలిగ్గా అబ్బలేదు. మా వైపు నుంచి వానాకాలంలో ఎవరైనా ఆ దారిన వెళితే నా పాట్లు వాళ్ళకు పనికిరావచ్చు.

ముందు మేమెవరమో చెప్పాలి. నేను గోదావరి మీద జనాన్ని రేవు దాటించే పంటు నడిపిన సరంగుని. వంతెన కట్టాక పంటు పోయింది, నేను మిగిలాను. మా రెండో అమ్మాయి నీలిమ తిరుపతిలో పశువైద్యం డిప్లొమా చదివి, అక్కడే ఒక పాల కంపెనీలో చేరింది. పుత్తూరు చుట్టుపక్కల ఊళ్ళలో పాలు పోసేవాళ్ళ ఆవులకు జబ్బు చేసినా, ఈనలేక అవస్థ పడినా ఇదే వెళ్ళాలి. వెళ్ళేది మోటారుసైకిలు మీద. మొన్న కార్తీకంలో వానకు ఒక మలుపులో జారిపడి మోకాళ్ళు గీసుకుపోయాయి. ఆ గాయాల ఫొటో ఎలాగో మా ఆవిడ సత్యవతి కంట పడింది. ఆ రోజు ఇంట్లో పొయ్యి వెలిగితే ఒట్టు.

"మీరెళ్ళి పిల్లని తీసుకొచ్చెయ్యండి. అమలాపురంలో మా తమ్ముడి రొయ్యల మేత కొట్లో కుర్చీలో కూర్చునే ఉద్యోగం ఉంది. అక్కడ మలుపులూ లేవు, ఆవులూ లేవు" అంది.

ఫోన్ చేసి ఈ మాట చెబితే అమ్మాయి వాదించలేదు. "మూడు రోజులు నా వెనక కూర్చుని తిరుగు నాన్నా. ఎలా నడుపుతానో నువ్వే చూడు. మూడో రోజు సాయంత్రం నువ్వు రమ్మంటే సామాను సర్దేసుకుంటాను" అంది. అంతకంటే నాకేం కావాలి? దాని తప్పులు పట్టుకోవడానికి సిద్ధమై రైలెక్కాను.

తిరుపతి: నెత్తికి పట్టని హెల్మెట్

మా ఊళ్ళో వానలు వెనకబట్టి కోతలకు దిగే వేళకి ఇక్కడ మబ్బు దిగుతుంది. స్టేషన్ బయట కొండ కనిపించలేదు. కొండ ఉండాల్సిన చోట బూడిదరంగు తెర వేలాడుతోంది. నీలిమ వచ్చి నా సంచి అందుకుని, నన్ను నేరుగా హెల్మెట్ల దుకాణానికి తీసుకెళ్ళింది. నేను దేవుడి దగ్గరికి అనుకున్నాను.

మా లంకలో వెనక కూర్చునేవాడికి హెల్మెట్ పెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ముందు కూర్చున్నవాడే పెట్టుకోడు. దుకాణంలో నా తల మొదటి దాంట్లో సగం వరకూ దిగి ఇరుక్కుపోయింది. అది రాదు, నేనూ రాలేను. దుకాణదారు రెండు చేతులా లాగి ఊడదీశాడు.

"జుట్టు ఒత్తుగా ఉండాది సామీ మీకు. పైకి పోయి గుండు కొట్టించుకోని రాండి, ఇదే సైజు చక్కంగా సర్దుకుంటాది" అన్నాడు. ఆ ఊళ్ళో 'పైకి' అంటే కొండ మీదికే. ఇంకే పైకీ కాదు. దర్శనం తిరుగు ప్రయాణంలో చేసుకుంటానని కొండ ఉన్న దిక్కుకు దణ్ణం పెట్టి, ఇంకాస్త పెద్దది కొనిపించుకున్నాను.

బయల్దేరే ముందు అమ్మాయి వంగి టైర్లు చూసింది. గాలి నొక్కి చూసింది, గాడుల్లో గోరు పెట్టి చూసింది. "జోళ్ళు అరిగిపోతే తడి గట్టు మీద నువ్వు నడుస్తావా నాన్నా? దీనికీ అంతే" అంది. ఇది తప్పుల్లోకి రాదు కాబట్టి నేను ఊరుకున్నాను.

పొంగలి తిని టీ తాగాం. ఇక్కడ టీ ఆవుపాలది. మా గేదెపాల టీ ముందు అది పిల్లకాలువలా ఉంది. ఆ మాట అంటే నీలిమ, "ఇక్కడ గేదె అంటే ఎవరికీ ఎక్కదు నాన్నా, ఎనుము అనాలి" అని సరిదిద్దింది. నా కూతురు నా మాటను దిద్దడం నాకు కాస్త గుచ్చుకుంది.

వడమాలపేట దాటాక: నేను బండిని సర్దిన వైనం

వడమాలపేట దాకా పెద్దరోడ్డు. హాయిగా ఉంది. బ్రేకు పడినప్పుడల్లా నా హెల్మెట్ వెళ్ళి దాని హెల్మెట్‌కు టక్కున తగులుతోంది, అంతే. ఆ ఊరు దాటాక పాలకేంద్రానికని పక్కదారిలోకి తిరిగాం. రెండువైపులా మామిడి తోటలు, చెరకు. సరిగ్గా అప్పుడే తుంపర మొదలైంది.

"ఈ మొదటి జల్లే కంత్రీది నాన్నా. దుమ్మూ, నూనే కలిసి రోడ్డు మీద జిడ్డు తేలుతుంది. గట్టిగా కురిస్తే అదంతా కడుక్కుపోతుంది, అప్పుడే నయం" అని గొంతెత్తి చెప్పింది. వేగం తగ్గించింది. ముందర ఎడమకు మలుపు. బండి మెల్లగా ఎడమకు ఒరిగింది.

ఒరిగింది. నా ఒంట్లో ఉన్న గోదావరంతా ఒక్కసారి లేచింది. ఏదైనా ఒక పక్కకు ఒరిగితే రెండో పక్కకు జరగాలి. ఇది నాకు ఊపిరితో పాటు వచ్చిన చదువు. జరిగాను. మామూలుగా కాదు, నడుము నుంచి పైభాగమంతా కుడివైపు గాల్లోకి వేలాడేశాను.

బండి తిరగాల్సినంత తిరగలేదు. రోడ్డు ఎడమకు పోతుంటే మేము తిన్నగా అవతలి అంచుకు పోయాం. నీలిమ కంగారుపడలేదు. బండిని నిటారుగా లేపి, అప్పుడు బ్రేకు వేసి, రోడ్డు పక్కన మేస్తున్న ఒక ఎనుము ముక్కు ముందు ఆపింది. ఎదురుగా ఏ లారీయో వచ్చుంటే ఇది రాసేవాణ్ణి కాదు.

అమ్మాయి హెల్మెట్ తీసింది. ముఖం ఎర్రగా ఉంది.

"నాన్నా, ఇప్పుడు నువ్వేం చేశావు?"

"బండి ఎడమకి ఒరిగిపోయింది కదమ్మా. నేను కుడికి జరిగి సర్దాను."

"సర్దావా!" అంది. కోపంతో మొదలైన ఆ మాట మధ్యలో నవ్వుగా మారింది. కల్వర్టు గోడ మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చింది, దాన్ని చూసి నవ్వూ వచ్చింది.

"పంటులో నువ్వు కేకలేసేవాడివి కదా, 'ఒరుగుతోంది, అటు జరగండి, అటు జరగండి' అని. పడవ ఒరిగితే ములుగుతుంది నాన్నా. బండి ఒరక్కపోతే తిరగదు. నువ్వు అటు లాగితే, తిరగడానికి నేను ఇంకా ఎక్కువ ఒరిగించాలి. తడి రోడ్డు మీద టైరుకు అంత పట్టు ఎక్కడిది?"

ఈలోగా ఎనుము తాలూకు మనిషి గొడుగేసుకుని వచ్చాడు. "ఏం సామీ, మా ఎనుముతో ఏం మాట్లాడతా ఉండారు?" అన్నాడు. దారి అడుగుతున్నామని చెప్పాను. "అదీ ఈ ఊరికి కొత్తే సామీ, మొన్ననే సంతలో కొన్నా" అన్నాడు, కొంచెం కూడా నవ్వకుండా.

పుత్తూరు: యాడ ఇరిగింది?

పుత్తూరులో దిగేసరికి కాళ్ళు కొయ్యబారిపోయి నాలుగడుగులు కుంటుతూ నడిచాను. అంతే, ఆటోవాళ్ళు చుట్టుముట్టారు. ఆ ఊరు ఎముకల కట్టుకు పేరుపడ్డది. కుంటుతూ దిగినవాడికి ఇంకో పని ఉంటుందని అక్కడ ఎవరూ అనుకోరు.

"కట్టుకా సామీ? రాండి, రాండి. కాలా, తుంటా?"

"ఏమీ విరగలేదయ్యా."

"అందురూ అట్లే అంటారు సామీ. యాడ ఇరిగింది, సూడనీ" అని ఒకతను నా మోకాలు పట్టుకున్నాడు కూడా. నీలిమ నన్ను విడిపించి టిఫిను హోటల్లోకి లాక్కుపోయింది.

కారం దోసె గురించి ఒక్క మాట. ఎర్రటి మిరపకారం దోసె లోపల పూసి, పైన పప్పులపొడి చల్లి, పక్కన సెనక్కాయల చట్నీ, అంటే మా వేరుసెనగ పచ్చడి, పోస్తారు. మా అమలాపురంలో దోసె కంటే ధర తక్కువ, కళ్ళనీళ్ళు ఎక్కువ. నేను రెండు తిన్నాను.

మా బల్ల దగ్గరే మునెమ్మ అని ఒక పెద్దావిడ కూర్చుంది. మనవడి బండి మీద చేతికట్టు మార్పించుకోవడానికి వచ్చింది. బండి మీంచి పడ్డావా అని అడిగాను.

"బండి మీదనా? కోడిని తరుముకుంటా పోయి మెట్ల మీద పడినా. బండి నన్ను ఎప్పుడూ పడెయ్యలేదు సామీ."

నీలిమ ఊరుకుంటుందా? మా ఎనుము కథంతా చెప్పేసింది. మునెమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"తోలేది ఎవురు? బిడ్డ. మరి నీకేంటికి సామీ ఆ పని? మనం గమ్మున కూసోవల్ల. బండి యాడికి పోతే మనమూ ఆడికే పోవల్ల. సెనక్కాయ మూట యాడన్నా అటూ ఇటూ జరగతాదా?"

గమ్మున అంటే ఊరికే, కదలకుండా, నోరెత్తకుండా. మూడూ కలిపిన మాట మా వైపు లేదు. దాని అవసరం పడలేదేమో మరి. బండి మీద కాళ్ళు రెండూ ఒకే పక్కకు వేసుకోవడం మంచిది కాదవ్వా, చెరోవైపు వేసుకుంటే మేలని నీలిమ మెల్లగా చెప్పింది. "కోక కట్టుకోని ఎట్లా కూసోవల్లో నువ్వే కూసోని సూపీ పాపా" అందావిడ. మా అమ్మాయి తల వంచుకుని దోసె తుంచుకుంది. నాకు లోలోపల సంతోషమేసింది.

ఎస్తేరమ్మ ఇంట్లో సంగటి

ఆ సాయంత్రం పుత్తూరుకు పైన ఉన్న ఒక పల్లెలో ఆగాం. అక్కడ పాలకేంద్రం నడిపేది ఎస్తేరమ్మ. వాన పట్టుకుంటే నీలిమ ఆవిడ ఇంట్లోనే పడుకుంటుందట. నేను దాని తండ్రినని తెలియగానే, "నాయన వచ్చినాడు, నాయన వచ్చినాడు" అని వీధంతా వినిపించేలా చెప్పి కోడిని కోయించింది.

అన్నం ముందు ప్రార్థన చేసింది. మా పక్కింటివాళ్ళూ చర్చికి వెళతారు, వాళ్ళ ప్రార్థనలు విన్నాను. ఇలాంటిది వినలేదు.

"ప్రభువా, ఈ పాప పోయే దావలో మలుపుల్లో ఇసక లేకుండా చెయ్యి. చెరుకు ట్రాక్టర్లోళ్ళు రోడ్డు మింద ఆకు పడెయ్యకుండా వాళ్ళకు బుద్ధి ఇయ్యి. ఈ నాయనకు బండి మీద గమ్మున కూసునే మనసు ఇయ్యి. ఆమెన్."

నీలిమ తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. ఈ కథ నా కంటే ముందు ఊళ్ళోకి వచ్చేసిందన్నమాట. అయినా ఆ ప్రార్థన నా గుండెకు తగిలింది. ఏ ఊరి మనిషో, నా కూతురు పోయే రోడ్డు మీది ఇసక గురించి దేవుడికి చెప్పుకుంటోంది.

రాగిసంగటి ముద్ద మధ్యలో గుంట చేసి కోడిపులుసు పోశారు. నేను అన్నం కలిపినట్టు కలపబోయి వేళ్ళు కాల్చుకున్నాను. తర్వాత నమిలాను. నమలకూడదట. పులుసులో అద్దుకుని మింగెయ్యాలట. ఎస్తేరమ్మ అలా మింగి చూపించింది. మూడో ముద్దకు గాని నాకు పట్టుబడలేదు.

కార్వేటినగరం దారి: భుజం మీదుగా చూపు

రెండో రోజు కొండల మధ్య దారి. మలుపు మీద మలుపు, విడవని వాన. మా వైపు రోడ్లు కాలువ వెంట పోతాయి. వంతెన దగ్గర మాత్రం ఉన్నపళాన పక్కకు తిరుగుతాయి. అక్కడ ఆగి, హారను కొట్టి, కాలు కింద ఆనించి తిప్పుకుంటాం. ఇక్కడ ఆ వేషాలు కుదరవు. రోడ్డు తిరుగుతూనే ఉంటుంది.

మొదటి మలుపుకు ముందు నీలిమ బండి ఆపి నాకు ఒకే పని అప్పజెప్పింది. "ఎడమ మలుపైతే నా ఎడమ భుజం మీదుగా ముందుకు చూడు. కుడి మలుపైతే కుడి భుజం మీదుగా. ఇంకేం చెయ్యకు నాన్నా."

చూపు అటు పెడితే ఒళ్ళు దానంతటదే అటు వచ్చేస్తుందని నాకు అప్పుడు తెలీదు. మొదటి రెండు మలుపుల్లో పళ్ళు బిగబట్టాను. మూడోదానిలో నా తుంటి పాత బుద్ధి చూపించబోయింది. 'గమ్మున' అనుకున్నాను. నాలుగోదాని తర్వాత అమ్మాయి ఎడమచేత్తో నా మోకాలి మీద తట్టింది. నేను సరంగు పరీక్ష గట్టెక్కినప్పుడు కూడా అంత పొంగిపోలేదు.

భయం కాస్త తగ్గాక, అది ఏం చేస్తోందో కనిపించడం మొదలైంది. మలుపు రాకముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే, వేగమంతా తీసేస్తోంది. ఒరిగాక బ్రేకు ముట్టుకోవడం లేదు. ఒకే తీరుగా, మెల్లగా లాగిస్తోంది. చూపు చక్రం ముందు కాదు, మలుపు తిరిగి రోడ్డు ఎటు పోతోందో అక్కడ. కుడి మలుపుల్లో మధ్యగీతకు బాగా ఎడంగా ఉంటోంది, ఎదురొచ్చే బస్సుకు మా తలలు తగలకుండా. తెల్లగీత మీదికి చక్రం పోనివ్వదు, తడిస్తే ఆ రంగు జారుతుందట. మామిడాకులూ, పేడా, ట్రాక్టరు వదిలిన బురదా కనిపిస్తే ముందే తప్పుకుంటోంది. నీటి మీద ఏడురంగులు తేలితే, అదిగో డీజిలు అని చూపించి నడక వేగానికి దించేస్తోంది.

"మరి మొన్న ఎందుకు పడ్డావే?" అని అడిగాను. దీనికోసమే కదా వచ్చింది.

"మలుపులోకి వేగంగా వెళ్ళాను. లోపలికెళ్ళాక భయమేసి బ్రేకు తొక్కాను" అంది. సాకు చెప్పలేదు, వాన మీదికి నెట్టలేదు.

దారిలో ఒకచోట బెల్లం వండుతున్నారు. చలికి వణుకుతూ ఆగాం. పెనం చుట్టూ నిలబడ్డవాళ్ళు ఆకులో వేడివేడి పాకం పోసి ఇచ్చారు. ఎవరని కూడా అడగలేదు. "తాగండబ్బా, ఒళ్ళు ఎచ్చబడతాది" అన్నారు. నా మీసం అతుక్కుపోయింది. తర్వాతి ఊరి దాకా నోరు సగమే తెరవగలిగాను. ఆ రోజంతటికీ నేను నోటితో సహా గమ్మున కూర్చున్నది అప్పుడే.

చిత్తూరు నుంచి వెనక్కి: మునిరత్నం బెంచీ

మూడో రోజు చిత్తూరులో కంపెనీ ఆఫీసు పని చూసుకుని వెనక్కి వస్తున్నాం. కొండ అడుగున మునిరత్నం అనే ఆయన టీ కొట్టు ఉంది. సాయంత్రం కావస్తోంది. వాన దంచుతోంది. నేను ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు. బాగానే నడుపుతోంది, నిజమే. కానీ నేను వెనక ఉన్నానని జాగ్రత్త పడుతోందేమో? ఒక్కతే ఉంటే?

అప్పుడు ఫోన్ వచ్చింది. కొండ మీది పల్లెలో ఒక ఆవు పొద్దుటి నుంచి నొప్పులు పడుతోంది. దూడ అడ్డం తిరిగింది. నీలిమ రెండు ప్రశ్నలు అడిగి, లేచి వానకోటు గుండీలు పెట్టుకుంది. నా వైపు చూసింది.

"నాన్నా, వస్తావా? ఉంటావా?"

నా చెయ్యి హెల్మెట్ మీదికి పోయింది. నేనుంటే దానికి ధైర్యమని కాదు, నాకు ధైర్యమని. నేను వెనకెక్కితే దాని చూపులో సగం నా మీదే ఉంటుంది. ఆ సగం కూడా రోడ్డు మీదే ఉండాలి. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నువ్వెళ్ళు" అన్నాను.

అది హెల్మెట్ పెట్టుకుంది. బండెక్కి వెళ్ళిపోయింది.

ఆ కొట్టు నుంచి కొండ ఎక్కే మలుపులు కొన్ని కనిపిస్తాయి. వానలో దాని వెనకలైటు ఒక ఎర్రచుక్క. మలుపుకు ముందు నెమ్మదించింది, ఒరిగింది, లేచింది. మళ్ళీ నెమ్మదించింది. నేను వెనక ఉన్నప్పుడు ఎలా వెళ్ళిందో అచ్చం అలాగే వెళ్ళింది.

"ఏం సామీ, బెంచీ మీద నుంచి పడేట్టు ఉండావే. ఆ పక్కకి అంత ఒరగతా ఉండావు" అన్నాడు మునిరత్నం.

చూసుకుంటే నిజమే. ఎర్రచుక్క ఎటు ఒరిగితే నేనూ అటే ఒరుగుతున్నాను.

"మా అమ్మాయి" అన్నాను, చెయ్యి చూపించి.

"తెలుసులే సామీ. మా జెర్సీ ఆవును బతికించింది ఆ పాపే" అని ఇంకో టీ నా చేతిలో పెట్టాడు. ఆవుపాల టీ. అప్పుడు రుచిగానే ఉంది.

చుక్క కొండ వెనక్కి పోయింది. చాలాసేపు అక్కడ వెలుగేమీ కనబడలేదు, చీకటి పడింది. వాన కొంచెం పలచబడింది. ఫోన్ మోగింది. సత్యవతి.

"ఏమండీ, సాయంత్రం దాటిపోయింది కదా. పిల్ల ఏమంది? వస్తోందా? ఒకసారి దానికివ్వండి."

"పక్కన లేదు. పనికెళ్ళింది."

"అక్కడ వాన వినబడుతోంది నాకు. ఒక్కతేనా?"

"ఒక్కతే."

"మీరు వెళ్ళనిచ్చారా?"

"నేనే వెళ్ళమన్నాను సత్యవతీ. ఆవు ఈనలేక అవస్థ పడుతోందిట. ఇది వెళ్ళకపోతే అది బతకదు. మేత కొట్లో ఉద్యోగం ఇంకెవరికైనా ఇచ్చుకోమను మీ తమ్ముణ్ణి."

తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఫోన్ పెట్టేసిందేమోనని చెవి నుంచి తీసి చూశాను కూడా. కొండ మీద, పై మలుపు దగ్గర, ఈసారి తెల్లటి వెలుగు ఒకటి కనబడింది. మలుపుకు ముందు నెమ్మదించింది.

అప్పుడు సత్యవతి గొంతు వినిపించింది. "ఏమండీ, ఇంతకీ ఆవు ఈనిందా?"

"ఉండు, అమ్మాయి కొండ దిగుతోంది" అన్నాను. "రాగానే అడిగి చెబుతాను."